తాతయ్య పద్దు

ప్రేమ మీద, నిరుద్యోగం మీద, వరకట్నం మీద రాసే మిత్రులకు ఈ సంచికలో కొదవ లేదు. నేను మా తాతయ్య మెదడులోని రక్తనాళాల గురించి రాస్తాను. నవ్వకండి. మా ఇంటి పరువు కొన్నాళ్ళు వాటిమీదే ఆధారపడింది.

మాది పిడుగురాళ్ల. సున్నపు బట్టీల ఊరు. తాతయ్య ముప్పై ఏళ్ళకు పైగా ఒక బట్టీలో గుమాస్తా. రాయి ఎంత దిగింది, బొగ్గు ఎంత పడింది, సున్నం ఎన్ని లారీలు లేచింది, అన్నీ ఆయన చిఠాలోనే. కాగితం చూడకుండా పోయిన నెల లెక్క అప్పజెప్పేవాడు. 2018లో ఆ లెక్క తప్పింది. చిఠాలో ఉన్న డబ్బు పెట్టెలో లేదు. తేడా 8,400 రూపాయలు. ఆసామి మొహం మీద ఏమీ అనలేదు గానీ, "పెద్దాయన చేతివాటం" అన్న మాట టీ బంకు దాకా నడిచొచ్చింది. నాయనమ్మ గొలుసు కుదువబెట్టి కట్టింది. తాతయ్యది మాత్రం ఒకటే మాట: "నేను రాసింది నేనెట్టా తింటానురా?"

ఇంట్లో మేం దానికి పెట్టిన పేరు చాదస్తం. తెలుగులో ఇంత సుఖమైన మాట ఇంకొకటి లేదు. ముసలివాళ్ళకు వచ్చే జబ్బులన్నిటినీ అందులో వేసి మూత పెట్టేయవచ్చు.

ఆ తర్వాత ఒకనాడు ఎడమచెయ్యి తిమ్మిరెక్కింది, మూతి కాస్త వంకర పోయింది. తెల్లారేసరికి సర్దుకుంది. కొన్ని నెలలు బాగానే ఉన్నాడు. మళ్ళీ ఒక రోజు చొక్కా గుండీలు పెట్టుకోవడం చేతగాలేదు. రోజుకింత తగ్గటం కాదు, మెట్టు దిగి ఆగడం, మళ్ళీ మెట్టు దిగడం. 2022లో పడిపోతే గుంటూరు తీసికెళ్ళి స్కానింగ్ తీయించాం. డాక్టరుగారు ఫిల్మును వెలుతురుకు పట్టి, మెదడు లోపలి భాగంలో మచ్చలు చూపించారు. "ఇవి నిన్నమొన్నటివి కావు. చిన్న రక్తనాళాలు మూసుకుపోయి ఏళ్ళ నుంచీ ఏర్పడ్డవి," అన్నారు. మీది ఏ జిల్లా అని తాతయ్యను అడిగితే గుంటూరు అన్నాడు. దానికి మార్కు తగ్గించటం అన్యాయం. పల్నాడు జిల్లా పుట్టి అప్పటికి ఆర్నెల్లు కాలేదు.

మతిమరుపు జబ్బనగానే అందరికీ ఆల్జీమర్స్ పేరే గుర్తొస్తుంది. రక్తనాళాల వల్ల వచ్చేది వేరు, అయితే రెండూ ఒకే తలలో కాపురం చెయ్యటం కూడా మామూలే. మన బరువులో మెదడు వంతు 2 శాతం, వాడుకునే ప్రాణవాయువు మాత్రం 20 శాతం దాకా. దాచుకోవటం దానికి రాదు. ఎప్పటికప్పుడు రక్తం తెచ్చివ్వాల్సిందే. మెదడులో ఏ భాగం పని చేస్తుంటే ఆ భాగానికి రక్తం పెరుగుతుందని రాయ్, షెరింగ్టన్ అనే ఇద్దరు 1890లోనే రాశారు. ఏళ్ళ తరబడి బీపీ ఎక్కువుంటే సన్నటి నాళాల గోడలు మందమై బిగుసుకుపోతాయి. అవసరానికి విప్పారలేవు. మా ఊరివాళ్ళకైతే ఇది ఒక్క ముక్కలో చెప్పొచ్చు. బట్టీలో గాలి సరిగా ఆడని చోట రాయి పైకి కాలినట్టే ఉంటుంది, పగలగొడితే లోపల పచ్చిరాయి.

మెదడు లోతుల్లో ఉండేవి ఒక భాగాన్ని ఇంకో భాగంతో కలిపే తీగలు. దెబ్బ ముందు వాటికే. అందుకే ఈ జబ్బులో చాలామందికి మనుషుల మొహాలకంటే ముందు లెక్కలు, వరసలు, ఒక పని తర్వాత ఇంకో పని చెయ్యటం పోతాయి. ఇది చదివాక నేను పాత చిఠా దుమ్ము దులిపి కూర్చున్నాను. రెండు లారీలను రెండేసిసార్లు రాసి ఉన్నాడు. రాని డబ్బును వచ్చినట్టు జమకట్టాడు. కూడితే సరిగ్గా 8,400.

నాయనమ్మ ఊరుకోలేదు. "ఆ ఫొటో, ఆ పుస్తకం తీసికెళ్ళి ఆయనకు చూపించండి," అని నాన్ననూ నన్నూ పంపింది. ఆసామి రెండూ చూశాడు. చాలాసేపు మాట్లాడలేదు. డబ్బు మాట ఆయనా ఎత్తలేదు, మేమూ ఎత్తలేదు. మర్నాడు ఇంటికొచ్చి తాతయ్య మంచం పక్కన కూర్చుని, "ఏం గుమాస్తాగారూ, ఎన్ని లారీలు లేచినై?" అన్నాడు. తాతయ్య నవ్వాడు. టీ బంకు దగ్గర ఆ మాట మళ్ళీ వినపడలేదు.

హైదరాబాదు నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది రోగులను పరిశీలించి, రెండు భాషలు మాట్లాడేవాళ్ళకు ఈ జబ్బులు సుమారు నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా వచ్చాయని 2013లో ప్రకటించింది. చదువు రానివాళ్ళలో కూడా ఆ తేడా కనిపించిందట. లారీ డ్రైవర్ల దగ్గర తాతయ్య నేర్చుకున్న ఉర్దూ ఆయనకు ఎన్నేళ్ళు కలిపిందో మరి. తీసేసిన ఏళ్ళు మాత్రం తెలుసు. బీపీ ఉందని ఏనాడో చెప్పారు. "తలనొప్పే లేదు, మాత్రెందుకు?" అని మానేశాడు. చుట్ట మానలేదు. గోంగూర పచ్చడిలో ఉప్పూ తగ్గలేదు.

ఇప్పుడు నాన్నకు యాభై మూడు. పోయిన సంక్రాంతికి బలవంతాన చూపిస్తే బీపీ 160 మీద ఉంది. "నాకేం తలనొప్పి లేదే," అన్నాడు. నాయనమ్మ లేచి వెళ్ళి ఆ పాత చిఠా తెచ్చి ఆయన ఒళ్ళో పెట్టింది. మాత్ర వేసుకుంటున్నాడు.