కుబుసంలో మిగిలిన జాడ

కామములన్నీ తొలగిన జ్ఞాని దేహాన్ని బృహదారణ్యకోపనిషత్తు చతుర్థాధ్యాయంలో యాజ్ఞవల్క్యుడు పాము కుబుసంతో పోలుస్తాడు. పుట్టపై నిర్జీవంగా పడి ఉన్న ఆ చర్మంపై సర్పానికి అభిమానం ఉండదు. జ్ఞానికి తన దేహమూ అట్టిదే. ఏళ్ల తరబడి ఈ దృష్టాంతాన్ని మననం చేస్తున్న నాకు, ఆ విసర్జిత చర్మాన్నే వెదకుతూ అడవులలో సంచరించే శాస్త్రజ్ఞులున్నారని తెలిసినపుడు విస్మయం కలిగింది.

వారు వెదకేది డీఎన్‌ఏ. సర్పం ఏ జాతికి, ఏ వంశశాఖకు చెందినదో దానివల్ల తెలుస్తుంది. ఇందుకై పాము తోక కొసనో పొలుసు అంచునో, బల్లి వేలి కొసనో కత్తిరించడం, సూదితో రక్తం తీయడం వాడుకలో ఉన్న పద్ధతులు. మన ఎర్రరక్తకణాలకు లేని కేంద్రకం సరీసృపాల కణాలకు ఉంటుంది గనుక అతిస్వల్ప రక్తమే చాలుతుంది. నిజమే, ఒక చుక్కే! కాని ఆ చుక్కకై ప్రాణిని పట్టి, అదిమి, సూది గ్రుచ్చవలసినదే కదా.

కుబుసంలో అధికభాగం కెరాటిన్, అంటే మన గోళ్లలోని పదార్థమే. అయినా అందులో మిగిలిన కొద్దిపాటి కణజాలం నుండి డీఎన్‌ఏను వెలికితీయవచ్చునని 1990లలోనే పరిశోధకులు చూపారు. కళ్లపై పొరతో సహా, మేజోడు విప్పినట్లు తిరగబడి వస్తుంది కుబుసం. ఎండకు ఎండి, వానకు తడిసినది క్షీణిస్తుంది. తాజాగా దొరికినదాన్ని తేమ తగలకుండా భద్రపరచాలి.

పతంజలి చెప్పిన యమములలో అహింస వెనువెంట సత్యం, ఆపై అస్తేయం వస్తాయి. పొలుసు కత్తిరించినపుడు ఆ జీవి ఇవ్వనిదాన్ని తీసుకొంటున్నాము. కుబుసం అది తానై విడిచినది. ఈ భేదం నాకు చిన్నదిగా తోచదు.

అట్లని ఆ జ్ఞానమే వలదనగలమా? 1836లో వర్ణింపబడిన గిరినాగును చిరకాలం ఒకే జాతిగా భావించారు. 2024లో అది నాలుగు జాతులని ప్రకటించారు; పశ్చిమ కనుమలలోని జాతికి కన్నడిగులు పిలిచే 'కాళింగ' నామమే పెట్టారు. ఆసియా అంతటా వ్యాపించినదనుకొన్న ప్రాణి ఒక్క పర్వతశ్రేణికే పరిమితమని తెలిస్తే, ఆ అడవి నశించినపుడు ఏమి నశిస్తుందో స్పష్టమవుతుంది. సర్పరక్షణకే ఆ సర్పం డీఎన్‌ఏ కావలసివస్తున్నది.

కోరినపుడు కుబుసం దొరకదు. అప్పుడు మెత్తని దూదిపుల్లతో నోటి లోపలనో మలద్వారం వద్దనో మృదువుగా తుడిచి కణాలను సేకరిస్తారు. గాయం ఉండదు, కాని పట్టుకోక తప్పదు. పట్టుబడిన ప్రాణికి భయమూ తప్పదు. అటవీశాఖ అనుమతితో, శిక్షితులైనవారు, స్వల్పకాలంలో ముగించి దొరికినచోటనే విడిచిపెడితే, అంతవరకు నాకు సమ్మతమే. దూదిపుల్లతో తీరే పనికి కత్తెర పట్టడం మాత్రం నా మనస్సు అంగీకరించదు.