ముందు డక్కన్ చూడు

షబె బరాత్‌కి ముందొచ్చే ఆదివారం పలమనేరు ఖబరస్తాన్‌లో గడ్డి కోయడం మా అబ్బా పని. ఎవరూ అప్పజెప్పలేదు, ఎవరూ ఒక రూపాయి ఇవ్వలేదు. ఫజర్ నమాజ్ కాగానే కొడవలి, గోనెసంచి, ఫ్లాస్కులో చాయ్ పట్టుకుని బయల్దేరేవారు. నాకు తిరుపతిలో నౌకరీ. "ఈసారి తప్పకుండా వస్తా అబ్బా" అని ప్రతి సంవత్సరం ఫోన్లో అనేవాణ్ణి. ఈసారి నిజంగానే వెళ్ళాను. అబ్బా అక్కడే ఉన్నారు. గేటుకి కుడివైపు, వేపచెట్టు దాటాక, ఇంకా మట్టి కుంగని ఖబర్‌లో.

నా ఫికర్ అబ్బా ఖబర్ గురించి కాదు, దాదా ఖబర్ గురించి. దాదాది కచ్చా ఖబర్. తలవైపు ఒక నాటురాయి పాతారు, అంతే, పేరు కూడా లేదు. అది ఎక్కడుందో తెలిసినవారు అబ్బా ఒక్కరే. చిన్నప్పుడు నన్ను తీసుకెళ్ళి చూపించారు కానీ, నేను తూనీగల్ని పట్టుకునే ధ్యాసలో ఉన్నాను. మా వైపు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా పడే ఈశాన్య వానలకి ఖబరస్తాన్ అంతా నడుముదాకా పెరుగుతుంది. వయ్యారిభామ, రకరకాల గడ్డి, అక్కడక్కడా కంప. షాబాన్ వచ్చేసరికి సగం ఎండి, రాళ్ళనీ ఖబర్లనీ ఒకే దుప్పటి కింద దాచేస్తుంది.

బంగారుపాళెంలో మా ఖాలా కొడుక్కి మామిడితోట ఉంది. వాళ్ళ గడ్డి కోసే మిషన్ అడిగి తెచ్చుకున్నాను. భుజానికి తగిలించుకునే బ్రష్ కట్టర్, టూ స్ట్రోక్ ఇంజను. లీటరు పెట్రోల్లో 40 మిల్లీలీటర్ల ఆయిల్ కలపమని, తొందరపడొద్దని చెప్పి పంపాడు. బ్లేడు తీసేసి నైలాన్ తాడు పెట్టుకున్నాను. రాళ్ళున్న చోట బ్లేడు పెడితే కాలికే ముప్పు.

మొదటి పది నిమిషాలు బ్రహ్మాండం. తర్వాత ఇంజను గొంతు సన్నబడింది. యాక్సిలేటర్ నొక్కినా ఎక్కలేదు. దగ్గి ఆగిపోయింది. తాడు ఇరవైసార్లు లాగాను, ఉలుకూ పలుకూ లేదు.

నేను చదువుకున్నవాణ్ణి కదా, ఫిల్టర్ అనుకున్నాను. విప్పితే స్పాంజి నిండా గడ్డి దుమ్ము. సబ్బునీళ్ళతో కడిగి, పిండి, ఎండలో ఆరబెట్టాను. ఆరేలోపు ట్యాంకులో పెట్రోలు కూడా నింపాను. స్టార్టయింది! షుక్ర్ అల్హందులిల్లా అనుకుంటుండగా మళ్ళీ పది నిమిషాలకి అదే దగ్గు, అదే మౌనం.

అయితే పెట్రోలే పాతదని తీర్మానించాను. ఇప్పటి పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది, అది గాలిలో తేమని పీలుస్తుంది. నెలలకొద్దీ ట్యాంకులో నిల్వ ఉంటే చెడుతుంది. ఇది అబద్ధం కాదు. సీజన్ అయిపోయాక ట్యాంకు ఖాళీ చేసి పెట్టడం మంచిదే. మొత్తం పారబోసి, కొత్తది తెచ్చి, ఆయిల్ కలిపి పోశాను. మళ్ళీ స్టార్టయింది. మళ్ళీ పది నిమిషాలు. జుహర్ అజాన్ వినబడింది. నేను కోసింది నాలుగు మంచాలంత జాగా. గుస్సా ఎవరి మీదో తెలియక మిషన్‌ని నేలమీద కాస్త గట్టిగానే పడేశాను.

నమాజ్ చదివి వచ్చేసరికి ఒక చాచా గోడ నీడలో కూర్చుని ఉన్నారు. అబ్బా దోస్త్. ఒకప్పుడు బజార్లో మోపెడ్లు బాగుచేసేవారు, ఇప్పుడు చూపు సరిగా లేదు.

"ప్లగ్గు తీశావా?"

తీశాను. పొడిగా ఉంది. మొనని ఇంజను లోహానికి ఆనించి తాడు లాగితే నీలంగా నిప్పు కనబడింది.

"నిప్పుంది, పెట్రోలు రావట్లేదు. పొద్దుట్నుంచి ఎన్నిసార్లు బాగైంది?"

"రెండుసార్లు చాచా."

"రెండుసార్లూ డక్కన్ తీశావు కదా?"

ఆలోచించాను. ఒకసారి నింపడానికి, ఒకసారి మార్చడానికి. అవును.

"పహిలే డక్కన్ దేఖో బేటా."

ట్యాంకు మూత తిప్పగానే స్స్‌మని గాలి లోపలికి పీల్చుకుంది. పెట్రోలు బయటికి పోతున్నకొద్దీ ఆ జాగాలోకి గాలి రావాలి. దానికి మూతలో సన్నని దారి ఉంటుంది. ధూళీ జిడ్డూ కలిసి ఆ దారిని మూసేశాయి. గాలి రాకపోతే ట్యాంకు పెట్రోలుని వదలదు. నేను మూత తీసిన ప్రతిసారీ మిషన్ ఊపిరి పీల్చుకుంది, పేరు మాత్రం ఫిల్టరుకీ కొత్త పెట్రోలుకీ వెళ్ళింది.

మూత కాస్త వదులుగా పెట్టి నడిపేస్తానన్నాను. చాచా కసురుకున్నారు. వంచినప్పుడు కాలుతున్న సైలెన్సర్ మీద పెట్రోలు కారితే నా జనాజా కూడా ఇక్కడే అన్నారు. సూదితో పొడవబోతే అదీ వద్దన్నారు, లోపలి రబ్బరు చిరుగుతుందట. పెట్రోల్లో ముంచి, పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, బయటివైపు నుంచి నోటితో ఊదితే గాలి వెళ్ళేదాకా కడిగించారు. నాలుక మీద పెట్రోలు రుచి ఇషా దాకా పోలేదు.

ఆ తర్వాత మిషన్ ఆగలేదు. అసర్ లోపు వేపచెట్టు దాకా శుభ్రమైంది. ఖబర్ల మీది పచ్చిగడ్డిని మాత్రం చాచా కోయనివ్వలేదు. పచ్చనిది అల్లాకి తస్బీహ్ చదువుతుందని మా బుజుర్గుల మాట. ఎండింది తీయి, పచ్చది వదులు అన్నారు. అబ్బా కూడా అలాగే చేసేవారట. ఆ సంగతి నాకు ఆ రోజే తెలిసింది.

దాదా ఉండొచ్చని నాకు లీలగా గుర్తున్న మూలలో మిషన్ ఆపేసి, అబ్బా కొడవలితో కూర్చుని కోశాను. మగ్రిబ్‌కి ముందు ఒక నాటురాయి బయటపడింది. దానికి మూడడుగుల దూరంలో ఇంకొకటి. అచ్చం అలాంటిదే.

చాచాని అడిగాను. కళ్ళు చికిలించి రెండింటినీ చాలాసేపు చూశారు.

"మీ అబ్బా ఇక్కడ ఎప్పుడూ రెండుచోట్లా నిలబడేవాడు" అన్నారు.

నేనూ రెండుచోట్లా ఫాతెహా చదివాను.