మన పిల్లల నోట మాట రావాలి



సెలవులకి ఊరెళ్ళినప్పుడల్లా ఒక సంగతి గమనిస్తున్నాను. మా ఊరి పిల్లలు కొండ మీదైనా గెడ్డలోనైనా ఎంత గోల చేస్తారో! అదే పిల్లలు అరకు సంతలో కాటా ముందు, బడిలో సార్ ముందు నిలబడితే తల దించేస్తారు. పసుపు బస్తా ఎన్ని కేజీలు తూగిందో అడగరు. లెక్క అర్థం కాకపోయినా "అర్థమైంది సార్" అనేస్తారు.

నేనూ అలా పెరిగినవాడినే. ఇంట్లో కువి, బడిలో తెలుగు. ఆరో తరగతిలో హాస్టల్‌కి వచ్చాక నేను నోరు విప్పితే చాలు నవ్వేవారు. ఆ నవ్వుకి భయపడి జ్వరం వచ్చినా చెప్పకుండా దుప్పటి కప్పుకొని పడుకున్నాను. మన ఏజెన్సీలో జ్వరం దాచుకుంటే ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు.

పెద్దల ముందు మాట్లాడకపోవడమే గౌరవం అంటారు. మరి మా ఊరి కూడికలో చూడండి. ఒకరు మాట్లాడితే మిగతావాళ్ళు వింటారు. నచ్చకపోతే "అలా కాదు తాతా, నా మాట ఇదీ" అని చెప్తారు. అయ్యాక అందరూ కలిసే ఇళ్ళకి వెళ్తారు. గౌరవం, ధైర్యం రెండూ అక్కడే ఉన్నాయి. పిల్లల్ని, ముఖ్యంగా ఆడపిల్లల్ని, అక్కడ కూర్చోబెట్టి విననిస్తే చాలు, సగం పాఠం వచ్చేస్తుంది.

మాట విలువ మన కొండలకి కొత్త కాదు. బొర్రా చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు గనుల లీజులు వద్దన్నారు. సమత సంస్థ కోర్టుకి వెళ్ళింది. 1997 జూలై 11న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది: షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమినైనా గిరిజనేతరులకి, ప్రైవేటు కంపెనీలకి గనుల కోసం లీజుకి ఇవ్వకూడదు. ఆ ఊళ్ళవాళ్ళు అప్పుడు ఊరుకుని ఉంటే ఆ తీర్పు మనకి ఉండేదా?

వేసవిలో మా పిల్లలతో సంత ఆట ఆడించాను. ఒకడు షావుకారు, ఒకత్తె పసుపు అమ్మేది. నేర్పినవి మూడే మాటలు. "కాటా నాకు కనబడేలా పెట్టండి." "అర్థం కాలేదు సార్, మళ్ళీ చెప్పండి." "నాకిది ఇష్టం లేదు, వద్దు." అరవకూడదు, తిట్టకూడదు, కళ్ళలోకి చూసి చెప్పాలి. ఎవరైనా ఇబ్బంది పెడితే 1098కి ఫోన్ చెయ్యొచ్చని కూడా చెప్పాను. మొదటి రోజు నవ్వులే. నాలుగో రోజుకి తొమ్మిదేళ్ళ పాప షావుకారు వేషం వేసిన నన్నే కాటా తిప్పి చూపించమంది!

ఇంకో మాట, కోపం తెచ్చుకోవద్దు. మనలో మనమే పెద్ద తెగ, చిన్న తెగ అంటున్నాం. గదబ పిల్లాడి మాటకి, పోర్జా పిల్ల బట్టలకి నవ్వేది మన హాస్టల్ పిల్లలే. బయటివాళ్ళ ముందు గట్టిగా నిలబడి, పక్క మంచం వాడిని నోరెత్తనివ్వకపోతే అది ధైర్యం అవదు. తన మాట చెప్పుకున్న పిల్లకి పక్కపిల్ల మాట వినడం కూడా రావాలి. రెండూ ఒకేసారి నేర్పాలి.

ఈసారి సెలవులకి మీ ఊళ్ళో ఓ పదిమంది పిల్లల్ని కూర్చోబెట్టండి. కువిలోనో, కొండ భాషలోనో, ఆదివాసీ ఒడియాలోనో, వాళ్ళ ఇంటి మాటలోనే మొదలుపెట్టండి. ముందు ఇంటి భాషలో నోరు విప్పితే, తెలుగు అదే వస్తుంది.