పదో నంబరు నల్లరాయి

ఒక చిన్న క్విజ్‌తో మొదలుపెడదాం. గూగుల్ చెయ్యకూడదు. అంగారకుడికీ గురుగ్రహానికీ మధ్య ఆస్టరాయిడ్ బెల్ట్ ఉందని అందరం స్కూల్లో చదువుకున్నాం కదా. అందులో సైజు ప్రకారం నాలుగో స్థానంలో ఉన్న గ్రహశకలాన్ని మనవాళ్ళు ఎన్నోసారి కనిపెట్టారు?

నాలుగోసారి అనేస్తాం ఎవరమైనా. కొంచెం తేడా ఉండొచ్చులే అనుకుంటే ఐదోసారి. అసలు జవాబు పదోసారి. దానికన్నా బాగా చిన్నవి ఆరు అప్పటికే దొరికిపోయాయి. దాని పేరు హైజియా.

ఐదో స్థానంలో ఉన్నదాని కథ ఇంకా అన్యాయం. దాని పేరు ఇంటరామ్నియా, అడ్డకొలత సుమారు 330 కి.మీ. అది దొరికింది 1910లో. మొదటి గ్రహశకలం దొరికిన 109 ఏళ్ళకి! దాని నంబరు 704. ఈ నంబర్లు మన డేటాబేస్ టేబుల్లో ఆటో ఇంక్రిమెంట్ ఐడీ లాంటివి. ముందొచ్చినదానికి ముందు నంబరు, అంతే. సైజుతో దానికి సంబంధం లేదు. కానీ ఒకటో నంబరు, రెండో నంబరు అనగానే మనకి తెలియకుండానే అవే గొప్పవి అన్న భావం వచ్చేస్తుంది.

ఇంత పెద్ద రాళ్ళు అంత ఆలస్యంగా ఎందుకు దొరికాయి? ఒక్క ముక్కలో చెప్పాలంటే, అవి నల్లగా ఉంటాయి కాబట్టి. కానీ ఆ ఒక్క ముక్క వెనక చాలా సంగతుంది, అందుకే ఇదంతా రాస్తున్నాను.

ముందు వరసగా చూద్దాం. 1801లో సిరీస్, 1802లో పల్లాస్, 1804లో జూనో, 1807లో వెస్టా దొరికాయి. తర్వాత 38 ఏళ్ళు ఒక్కటి కూడా లేదు. ఇంక అయిపోయాయిలే అని చాలామంది వదిలేశారు. వదలనివాడు జర్మనీలో పోస్టాఫీసు ఉద్యోగం చేసి రిటైరైన కార్ల్ హెంకే. పదిహేనేళ్ళు పట్టు వదలకుండా వెతికి 1845లో ఆస్ట్రియా అనే ఐదోదాన్ని పట్టుకున్నాడు. ఇక గేటు తెరుచుకున్నట్టయింది. 1847లో మూడు (హీబీ, ఐరిస్, ఫ్లోరా), 1848లో మెటిస్. ఆ తర్వాత 1849 ఏప్రిల్ 12న ఇటలీలోని నేపుల్స్‌లో అన్నిబాలే డి గస్పారిస్ అనే ఆయనకి హైజియా కనపడింది.

హైజియా అడ్డకొలత సుమారు 434 కి.మీ. విజయవాడ నుంచి విశాఖపట్నం రైల్లో వెళ్తే 350 కి.మీ. అంటే ఆ దూరం మొత్తం లోపల పట్టేసి, ఇంకా మిగిలేంత రాయి. దానికన్నా ముందు దొరికిన జూనో, ఆస్ట్రియా, హీబీ, ఐరిస్, ఫ్లోరా, మెటిస్‌లలో ఏదీ 270 కి.మీ. దాటదు. ఆస్ట్రియా అయితే సుమారు 110 కి.మీ.! ఇంకో సంగతి ఏంటంటే, ఈ ఆరూ ఒకే కులం :) ఖగోళ శాస్త్రజ్ఞులు ఎస్ టైపు అంటారు, లేత రంగు రాతి రకం. హైజియా సి టైపు. కార్బన్ ఎక్కువుండే నల్ల రకం.

ఎంత నలుపు? తన మీద పడ్డ వెలుగులో ఎంత వెనక్కి పంపిస్తుందో చెప్పే కొలతని ఆల్బిడో అంటారు. వెస్టాకి అది 42 శాతం దాకా ఉంటుంది. హైజియాకి 7 శాతం. మన చందమామకి 12 శాతం. అంటే పాలరాతిలా మెరుస్తున్నాడని మనం పాటలు పాడుకునే చందమామే నిజానికి అరిగిపోయిన తారు రోడ్డు రంగు. పక్కన పోల్చుకోవడానికి ఏదీ లేదు కాబట్టి తెల్లగా కనిపిస్తాడు. హైజియా ఆ చందమామ కన్నా నలుపు.

ఇప్పుడు వెస్టానీ, హైజియానీ పక్కపక్కన పెట్టి చూద్దాం. ఆకాశంలో వెలుగుని మాగ్నిట్యూడ్ అనే స్కేలులో కొలుస్తారు. నంబరు పెరిగేకొద్దీ వెలుగు తగ్గుతుంది. ఒక్కో మెట్టుకి సుమారు 2.5 రెట్లు తేడా, ఐదు మెట్లకి సరిగ్గా 100 రెట్లు. ఈ లెక్కని 1856లో ప్రతిపాదించింది నార్మన్ పాగ్సన్. ఆయన తర్వాత మద్రాసు అబ్జర్వేటరీకి వచ్చి, 1861లో అక్కణ్ణుంచే ఒక గ్రహశకలాన్ని కనిపెట్టి దానికి ఏషియా అని పేరు పెట్టాడు. అప్పటికి మన కోస్తా జిల్లాలు కూడా మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉన్నాయి కాబట్టి కొంచెం మనమూ గర్వపడొచ్చు.

ఆ స్కేలులో వెస్టా బాగా వెలిగినప్పుడు 5.1. కరెంటు దీపాలు లేని పల్లెటూళ్ళో, మంచి చూపున్నవాళ్ళకి మామూలు కళ్ళకే కనిపిస్తుంది. హైజియా ఎంత బాగా వెలిగినా 9కి అటూ ఇటూ. నాలుగు మెట్ల తేడా, అంటే దాదాపు 40 రెట్లు.

ఈ 40 రెట్లు ఎక్కణ్ణుంచి వచ్చాయో చూద్దాం. వెస్టా అడ్డకొలత సుమారు 525 కి.మీ. వైశాల్యం లెక్కన హైజియా కన్నా ఒకటిన్నర రెట్లు. దూరం చూస్తే హైజియా బెల్టు బయటి అంచు వైపు ఉంటుంది. సూర్యుడి నుంచి సగటున 47 కోట్ల కి.మీ. దూరంలో తిరుగుతూ ఒక చుట్టుకి ఐదున్నరేళ్ళు తీసుకుంటుంది. రెండూ మనకి బాగా దగ్గరికొచ్చిన సమయాల్లో పోల్చినా, ఎండ దాని మీద తక్కువ పడటం, ఆ వెలుగు మనదాకా రావాల్సిన దూరం ఎక్కువవటం, రెండూ కలిపి 4 రెట్లు తేడా. ఇక మిగిలింది రంగు. 42కీ 7కీ 6 రెట్లు. మూడూ గుణిస్తే 36. చేతి లెక్కకి ఇంతకన్నా దగ్గర రాదు.

చూశారా, అన్నిటికన్నా పెద్ద వాటా రంగుదే. సైజు వాటా ఒకటిన్నరే! దుర్భిణిలో చూసేవాడికి మాత్రం ఈ మూడూ విడివిడిగా కనపడవు. కనపడేది ఒక్క చుక్క, ఒక్క వెలుగు. కక్ష్య తెలిస్తే దూరం లెక్క కట్టొచ్చు. మిగిలిన రెండిటినీ విడగొట్టడం ఎలా? చిన్న తెల్లరాయీ, పెద్ద నల్లరాయీ ఒకేలా కనిపిస్తాయి. ఇంజనీరింగ్ మొదటి సంవత్సరం లెక్కే ఇది. ఒక సమీకరణం, రెండు తెలియని విలువలు. ఎంత తెలివైనవాడైనా సాధించలేడు. హైజియాకి వెస్టా రంగే ఉందనుకుని లెక్కేస్తే సైజు 170 కి.మీ. చుట్టుపక్కల వస్తుంది. అసలు సైజు 434. దుర్భిణి తప్పు కాదు, గణితం తప్పు కాదు. ఊహించుకున్న రంగొక్కటే తప్పు.

మరి రెండో సమీకరణం ఎక్కణ్ణుంచి వచ్చింది? వేడి నుంచి. మే నెల మిట్టమధ్యాహ్నం ఎండలో నిలబెట్టిన బైకు నల్ల సీటు మీద కూర్చున్నవాళ్ళకి ఈ ఫిజిక్స్ విడిగా చెప్పక్కర్లేదు. నల్లటి వస్తువు వెలుగుని వెనక్కి పంపదు, మింగేసి వేడెక్కుతుంది. ఆ వేడిని పరారుణ కిరణాలుగా బయటికి వదులుతుంది. మామూలు వెలుగులో ఎవరి కంటా పడకుండా కూర్చున్న రాయి, పరారుణంలో చూస్తే భగభగలాడుతూ ఉంటుంది. పైగా ఈ వేడి లెక్కలో రంగు వల్ల వచ్చే తేడా చాలా తక్కువ, దాదాపుగా సైజు మీదే ఆధారపడుతుంది. ఆ వేడిని కొలిస్తే సైజు, సైజు తెలిస్తే వెలుగు నుంచి రంగు. రెండు సమీకరణాలు, రెండు విలువలు.

1970ల నుంచి భూమ్మీది దుర్భిణులతో ఈ పని మొదలైంది. 1983 జనవరిలో అమెరికా, నెదర్లాండ్స్, బ్రిటన్ కలిసి పంపిన ఐరాస్ ఉపగ్రహం పది నెలలు పనిచేసి పెద్దఎత్తున కొలిచింది. తర్వాత 2009 డిసెంబర్లో నాసా పంపిన వైజ్ ఇంకా చాలా ఎక్కువ కొలిచింది. వీటివల్ల రాళ్ళు కొత్తగా పెద్దవి కాలేదు. అవి ముందునుంచీ అంతే ఉన్నాయి. మనం కొలిచే పద్ధతి మారింది, అంతే.

ఇక్కడ మన ఉద్యోగాల సంగతి ఎత్తకుండా ఉండలేను. మన అప్రైజల్ మీటింగుల్లో విజిబిలిటీ అనే మాట వినని వాళ్ళుంటే చెయ్యెత్తండి. "పని బాగానే చేస్తున్నావు, కానీ విజిబిలిటీ లేదు" అంటారు. నేను ఇంతకుముందు పనిచేసిన ఒక చోట ఒకాయన ఉండేవారు, నెలాఖరు సెటిల్‌మెంట్ జాబులు చూసేవారు. ఆయన ఉన్నన్నాళ్ళూ ఆ జాబులు రాత్రి మొదలై తెల్లారేసరికి అయిపోయేవి. దాని గురించి మీటింగులో చెప్పడానికి ఏముంటుంది? "ఈ నెల కూడా ఏమీ జరగలేదండీ" అని స్లైడు వెయ్యలేరు కదా. ఆయనకి ఏటా యావరేజ్ రేటింగు. కొత్త డాష్‌బోర్డు చేసి డెమో ఇచ్చిన కుర్రాడికి అవార్డు. (కుర్రాడు కూడా మంచివాడే, డాష్‌బోర్డు కూడా బాగానే ఉంది. ఎస్ టైపు అయినంత మాత్రాన నేరం కాదు.) ఆయన వేరే ఉద్యోగం చూసుకుని వెళ్ళిపోయిన రెండో నెలాఖరుకి అర్ధరాత్రి నలుగురం కాల్‌లో కూర్చున్నాం. ఆయన మెయింటెయిన్ చేసిన స్క్రిప్టులు ఒక్కోటీ తెరుస్తుంటే ఒక్కో కి.మీ. బయటపడ్డట్టుంది.

అయితే దీన్నుంచి "కనపడనివాళ్ళందరూ మహానుభావులే" అని తేల్చేస్తే అదీ తప్పే. మసకగా కనిపించే చుక్కల్లో చాలావాటికి కారణం అవి నిజంగా చిన్నవి కావడమే. రేటింగు తగ్గిన ప్రతివాడూ నేనే హైజియా అనుకుంటే కుదరదు. జాలి వల్ల ఎవరి సైజూ పెరగదు. కావాల్సింది రెండో కొలత. ఫలానా మనిషి సెలవు పెట్టిన వారంలో ఏం ఆగింది? ఎవరూ ముట్టుకోకుండా రెండేళ్ళుగా నడుస్తున్న కోడు ఎవరిది? కొత్తగా చేరినవాళ్ళు డౌటొస్తే ఎవరి సీటు దగ్గరికి వెళ్తున్నారు? ఇవి వేడి కొలతలు. వీటికి స్లైడ్లు ఉండవు. మేనేజరు పనిగట్టుకుని వెళ్ళి కొలవాలి, ఐరాస్‌ని పైకి పంపినట్టు.

సరే, మళ్ళీ మన రాయి దగ్గరికొద్దాం, ఎందుకంటే దాని గురించి పెద్ద వార్త 2019లోగానీ రాలేదు. పియెర్ వెర్నజా నాయకత్వంలో ఒక బృందం చిలీలోని వెరీ లార్జ్ టెలిస్కోప్‌తో హైజియా ఉపరితలాన్ని దాదాపు మొత్తం ఫొటోలు తీసింది. హైజియా కక్ష్య లాంటి కక్ష్యల్లో దాని కుటుంబం అనదగ్గ చిన్న రాళ్ళు 7,000 దాకా ఉన్నాయి. ఎప్పుడో పెద్ద దెబ్బ తగిలి, దాన్నుంచి రాలిన ముక్కలన్నమాట. వెస్టాకి అలాంటి దెబ్బే తగిలి దక్షిణ ధ్రువం దగ్గర 500 కి.మీ. గొయ్యి పడింది. కాబట్టి ఇక్కడా పెద్ద గొయ్యి ఉంటుందనుకున్నారు. లేదు. బంతిలా గుండ్రంగా ఉంది!

వాళ్ళు కంప్యూటర్ సిమ్యులేషన్లు చేసి చెప్పిందేంటంటే, సుమారు 200 కోట్ల ఏళ్ళ క్రితం 75 నుంచి 150 కి.మీ. ఉన్న రాయొకటి వచ్చి గుద్దింది. గొయ్యి పడటం కాదు, మొత్తం బద్దలైపోయింది. ఆ ముక్కల్లో ఎక్కువ భాగం తమ గురుత్వాకర్షణతో మళ్ళీ కలిసి, ద్రవంలా సర్దుకుని గుండ్రంగా తయారైంది. మిగిలినవే ఆ 7,000.

గుండ్రంగా ఉందని తెలిశాక ఇంకో లెక్క కూడా తేలింది. పొడుగ్గా ఉన్న రాయి ఒకసారి తిరిగితే దాని వెలుగు రెండుసార్లు పెరిగి రెండుసార్లు తగ్గుతుంది (బంగాళాదుంపని దీపం ముందు తిప్పి చూడండి). అలాంటి ఊహతోనే హైజియా తన చుట్టూ తాను తిరగడానికి 27.6 గంటలు పడుతుందని అనుకునేవాళ్ళు. అసలు సంఖ్య అందులో సగం, 13.8 గంటలు. మళ్ళీ అదే కథ. కొలత సరైనదే, వెనకున్న ఊహ తేడా.

గుండ్రంగా ఉంటే మరుగుజ్జు గ్రహం హోదాకి అర్హత ఉన్నట్టే. 2006లో ప్లూటో విషయంలో పెట్టిన నిబంధనల్లో మిగిలినవి హైజియా ముందే పాసైంది. ఇంకా అధికారికంగా ఆ హోదా ఇవ్వలేదు. ఇచ్చినా ఇవ్వకపోయినా దానికి వచ్చేదీ పోయేదీ లేదనుకోండి.

పేరు సంగతి చెప్పి ముగిస్తాను. హైజియా అంటే గ్రీకుల ఆరోగ్య దేవత. మనం రోజూ వాడే హైజీన్ అన్న మాట ఆవిడ పేరు నుంచే వచ్చింది. మొదట్లో నేపుల్స్ అబ్జర్వేటరీ డైరెక్టరు అక్కడి రాజవంశం పేరు కూడా తగిలించి ఇజియా బోర్బోనికా అన్నాడు. (మేనేజ్‌మెంటుకి క్రెడిట్ ఇవ్వడం మన కంపెనీల్లో పుట్టిన అలవాటు కాదని దీన్నిబట్టి తెలుస్తోంది.) 1861కల్లా నేపుల్స్‌లో ఆ వంశం పాలన పోయింది, పేరులో ఆ తోకా పోయింది. రాయి మాత్రం ఉంది.

ఒకటో నంబరుకీ, నాలుగో నంబరుకీ నాసా వారి డాన్ నౌక వెళ్ళింది, 2011లో వెస్టా, 2015లో సిరీస్. అదే గస్పారిస్ 1852లో కనిపెట్టిన సైకీ వైపు 2023 అక్టోబర్లో ఇంకో నౌక బయల్దేరింది. పదో నంబరు దగ్గరికి ఇప్పటిదాకా ఎవరూ వెళ్ళలేదు.