నల్లకాగితం కింది ఆకు

కిరణజన్య సంయోగక్రియ. ఈ మాట నా నోటికి తిరగడానికి వారం పట్టింది. గద్వాల దిక్కు మా ఊరి బడిల ఏడో తరగతి. ఎండలో ఆకు నీళ్లను, కార్బన్ డై ఆక్సైడ్‌ను కలిపి తన తిండి తానే వండుకుంటదని సారు చెప్పిండు. ప్రయోగం బల్ల మీద జరిగింది. మాదిగ గేరి పిల్లలం గోడ పక్క నుంచి చూసినం. సీసా ముట్టుకోనియ్యలేదు.

ఇంటికొచ్చి అవ్వకు పాఠం చెప్పిన. జొన్నచేన్ల కలుపు తీసి అప్పుడే వచ్చింది. "పొద్దుందాక ఎండల్నే ఉంటి గదరా, మరి నాకెందుకు కడుపు నిండలే?" అని నవ్వింది. నా దగ్గర జవాబు లేదు.

వనపర్తిలో డిగ్రీ చదివేటప్పుడు జొన్న సంగతి తెలిసింది. ఎండ ముదిరితే మొక్కలు నీళ్లు పోకుండా ఆకు రంధ్రాలు మూసుకుంటయి. గాలి అందక చాలా మొక్కల్లో వంట మందగిస్తది. జొన్న మాత్రం దొరికిన కొద్ది కార్బన్ డై ఆక్సైడ్‌నే ముందు నాలుగు కార్బన్ల పదార్థంగా పట్టి, లోపలి కణాలకు చేరవేసి, అక్కడ చక్కెర చేసుకుంటది. పాలమూరు మెట్టల్లో జొన్న ఎట్ల నిలిచిందో పుస్తకం చెప్పింది. అవ్వ ఎట్ల నిలిచిందో చెప్పలేదు. చేనూ, గింజా పటేలువి. ఎండ ఒక్కటే మాది.

ఇప్పుడు నాగర్‌కర్నూల్ జిల్లాలో సర్కారు బడి పంతుల్ని. పోయినేడు మందార మొక్కను, ఆకుల్లోని పాత పిండి అయిపోయేదాక, రెండు రోజులు చీకట్లో ఉంచినం. ఒక ఆకు నడుమ నల్లకాగితం చుట్టి ఎండకు పెట్టినం. సాయంత్రం ఆ ఆకు పచ్చదనం పోయేదాక స్పిరిట్‌లో, వేడినీళ్ల మీద ఉడికించి, అయోడిన్ వేసినం. ఎండ తగిలిన చోట నీలినలుపు తేలింది. నలుపంటే అక్కడ పిండి ఉన్నట్టు, ఆకు తిండి వండుకున్నట్టు. కాగితం కింద ఏమీ లేదు.

వెనక నుంచి ఒక పిల్ల లేచింది. గద్వాల దిక్కు విత్తనపత్తి చేన్లకు క్రాసింగుకు పోయి, ఒక పువ్వు పుప్పొడి ఇంకో పువ్వుకు అద్దుకుంట నెలరోజులు బడికి రాని పిల్ల. మా గేరి లాంటి గేరిదే.

"సారూ, కాగితం కిందున్న ఆకుదేం తప్పు?"

"ఏ తప్పూ లేదు బిడ్డా. కట్టినోళ్లది తప్పు. కాగితం తీస్తే అదీ వండుకుంటది."

ఇంకో ఆకు తెచ్చి, అయోడిన్ సీసా ఆమె చేతికిచ్చిన. చెయ్యి వణికింది, కానీ చుక్కలు సరిగ్గ పడ్డయి.

మళ్ల క్రాసింగు రోజులొస్తున్నయి. వాళ్లవ్వ అడ్వాన్సు తీసుకున్నదని తెలిసింది. రేపు వాళ్లింటికి పోవాలె.