మెతుకుసీమలో టేక్మాల్



మెదక్ అనగానే మనకు గొప్ప దేవాలయము గుర్తుకు వస్తుంది. ఆ పట్టణానికి పడమట, పాపన్నపేట, అల్లాదుర్గం మండలాల పొరుగున ఉన్నది టేక్మాల్. మండల కేంద్రమైనా పట్టణమని అనలేము. ఆఫీసులు, బస్సులు, దుకాణాలు ఉన్నాయి గనుక ఉత్త పల్లె అని కూడా అనలేము. నాలుగు అడుగులు వేస్తే మళ్ళీ పొలాలే.

ఈ ఊరి చూపు మూడు దిక్కులకు ఉంటుంది. 2016 అక్టోబరులో పాత మెదక్ జిల్లాను మూడుగా విభజించినప్పుడు టేక్మాల్ మెదక్ జిల్లాలోనే నిలిచింది. శాసనసభకు మాత్రం అందోలు నియోజకవర్గము, పార్లమెంటుకు జహీరాబాదు. కలెక్టరు ఒకచోట, ఎమ్మెల్యే ఒకచోట, ఎంపీ మరొకచోట! అర్జీ పట్టుకొని తిరిగే రైతుకు ఈ సంగతి బాగా తెలుసు.

ఈ ప్రాంతానికి మెతుకుసీమ అని పేరు. అన్నపు మెతుకు పేరు పెట్టుకున్న ఈ నేల కరువులు చాలా చూసింది. మహారాష్ట్రలోని బాలాఘాట్ కొండల్లో పుట్టిన మంజీర ఈ సీమ గుండానే పారి గోదావరిలో కలుస్తుంది. నిజాము కాలంలో, 1905లో, ఆ నది మీద ఘనపురం ఆనకట్ట కట్టారు. దాని మహబూబ్ నహర్, ఫతే నహర్ కాలువల క్రింద పొలాలు పచ్చబడ్డాయి. తరువాత సింగూరు నీళ్ళు హైదరాబాదు దాహము తీర్చాయి. అయితే ఏరు పక్కనే పోతున్నా కాలువ అందని చేనికి వానే దిక్కు. చెరువు నిండితే వరి, నిండకపోతే జొన్న, మక్క. ఇక్కడి రైతు జీవితమంతా ఈ రెండు మాటల్లో ఉన్నది.

మెదక్ దేవాలయము కథలోనూ మెతుకే ఉన్నది. వెస్లియన్ మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ దొరగారు 1914లో పని మొదలుపెట్టించారు. కరువు రోజుల్లో ఆకలిగొన్నవారికి ఆ పనే కూడు పెట్టింది. 1924 డిసెంబరు 25న అది ప్రతిష్ఠింపబడింది. పొడవు 200 అడుగులు, వెడల్పు 100 అడుగులు, గోపురము ఎత్తు 175 అడుగులు. 2024లో నూరేళ్ళు నిండాయి. దొరగారి పేరు మనకు తెలుసు. రాళ్ళు మోసిన కూలీలలో ఎందరి పేర్లు మనకు తెలుసు?

టేక్మాల్ వంటి ఊళ్ళ విషయంలోనూ ఇంతే. రాజుల సంగతి పుస్తకాల్లో ఉంటుంది. చెరువు కట్ట తెగిన యేడు, బావి తవ్విన చేతులు, వెట్టి చేసిన తాతల కష్టము ముసలివారి నోట మాత్రమే ఉంటాయి. ఇప్పుడు ఊరు త్వరగా మారుతున్నది. 2022 సెప్టెంబరులో మెదక్ పట్టణానికి రైలు వచ్చింది. హైదరాబాదు సుమారు 100 కిలోమీటర్లే గనుక చదువుకున్న పిల్లలు అటే పోతున్నారు. పోవడము తప్పు కాదు. పొట్ట నిండాలి గదా! కాని అవ్వ కన్ను మూసేలోగా ఆమె మాట ఎవరు వ్రాసి ఉంచుతారు? తాత చెమటోడ్చి సంపాదించిన అరెకరము ఎలా వచ్చిందో తెలియని మనుమడు దానిని అమ్మడానికి వెనుకాడడు.

కాబట్టి తలిదండ్రులారా, ఈ సెలవుల్లో ఒక పని చేయండి. పిల్లల చేతికి నోటు పుస్తకమిచ్చి అవ్వ దగ్గర కూర్చోబెట్టండి. చేనుల పేర్లు, చెరువుల పేర్లు, కరువు సంవత్సరాల సంగతులు వ్రాయించండి. మీ సంఘపు పాత బాప్తిస్మ, వివాహ రిజిస్టర్లు చెదలు పట్టకుండా పాస్టరుగారితో కలిసి భద్రపరచండి. మన పెద్దల పేర్లు సిరాతో వ్రాసి ఉన్న కాగితాలు చాలా ఇళ్ళకు అవే. ఊరు విడిచిపోయిన బిడ్డకు తాను ఎక్కడివాడో అవి చెప్పుతాయి.