విశాఖ తీరాన బస ఎక్కడ?

సెలవులు దగ్గరపడుతున్నప్పుడు మా మదరసాకు వచ్చే తల్లిదండ్రులు పిల్లల చదువు గురించి విచారించిన తరువాత, వెళ్ళబోతూ తరచూ మరో మాట అడుగుతుంటారు. "మౌలానా! విశాఖ వెళ్దామనుకుంటున్నాము. ఆడవాళ్ళు, పిల్లలతో ఎక్కడ దిగితే బాగుంటుంది?" లోగడ మేము ఈ ప్రశ్నకు తడుముకోకుండా జవాబిచ్చేవాళ్ళం. మసీదుకు దగ్గరలో దిగండి, తక్కినవన్నీ వాటంతటవే సమకూరుతాయి అనేవాళ్ళం. గత జనవరి నుండి ఆ జవాబు ఇవ్వడం మానుకున్నాము. ఎందుకు మానుకున్నామో ఇక్కడ వివరంగా వ్రాస్తున్నాము.

ప్రయాణమయినవారం ఏడుగురం. మేము, మా ఇంటివారు, కుమారుడు, కోడలు, మనుమడు, మనుమరాలు, వీరితోపాటు మా ఆపా. మా తల్లిగారు పరమపదించినప్పుడు మాకు ఏడేళ్ళు. అప్పటి నుండి మమ్మల్ని పెంచింది ఆపాయే. ఇప్పుడామెకు అరవై ఎనిమిదేళ్ళు, మోకాళ్ళు అరిగిపోయాయి. ఖమ్మం దాటి హైదరాబాదు, విజయవాడ చూశారు గాని సముద్రం చూడలేదు. సంక్రాంతి సెలవులకు విశాఖ వెళ్దామని మా కుమారుడు ప్రతిపాదించడానికి కారణం కూడా అదే. "ఫుఫూకు ఒకసారి సముద్రం చూపించాలి అబ్బాజాన్" అన్నాడు.

బస విషయంలో తండ్రీకొడుకులకు పొసగలేదు. అతను రుషికొండ వద్ద ఒక రిసార్టును ఎంచుకున్నాడు. ఈతకొలను ఉన్నదట, కిటికీ తెరిస్తే కడలి కనిపిస్తుందట. మేము రెండు ప్రశ్నలు వేశాము. ఆ కొలనులోకి ఆడా మగా కలిసి దిగుతారా? మన కోడలు తన దుస్తులతో దిగడానికి అనుమతిస్తారా? అతను ఫోను చేసి కనుక్కున్నాడు. కలిసే దిగుతారట, ఒంటికి అంటుకునే ఈత దుస్తులు తప్పనిసరి అట. "అయితే అద్దెలో సగం మనకు పనికిరాని నీళ్ళకే పోతుంది" అన్నాము. పైగా అది కొండవాలు. గదికి, భోజనశాలకు మధ్య మెట్లున్నాయి. ఆపా మోకాళ్ళ మాట మేమే గుర్తు చేశాము. ఈ వాక్యాన్ని పాఠకులు గుర్తుంచుకోవాలి.

చివరకు మా మాటే నెగ్గింది. పాత పట్టణం వైపు, మసీదుకు నాలుగడుగుల దూరంలో ఒక లాడ్జిలో రెండు గదులు తీసుకున్నాము. రెండింటికీ కలిపి రోజుకు 3,200 రూపాయలు.

ఆ లాడ్జిలో మంచి లేకపోలేదు. హైదరాబాదు వైపు నుండి వచ్చే గోదావరి ఎక్స్‌ప్రెస్ తెల్లవారుజామున విశాఖ చేరుతుంది. ఫజ్ర్ సమయం మించక ముందే స్టేషనులో ఒక మూల నమాజు చేసుకుని బయటపడ్డాము. తీరంలోని పెద్ద హోటళ్ళు చాలావరకు మధ్యాహ్నం పన్నెండు తరువాతే గది ఇస్తాయి. ఏడుగురు మనుషులు, తొమ్మిది సంచులతో ఆరు గంటల సేపు ఎక్కడ కూర్చుంటారు? మా లాడ్జిలో మాత్రం దిగిన గంట నుండి ఇరవై నాలుగు గంటల లెక్క. రాత్రి రైలులో వెళ్ళేవారు బస మాట్లాడుకునేటప్పుడు ముందుగా అడగవలసింది దీనినే. పెద్దవారందరికీ గుర్తింపు కార్డులు ఉండాలన్న సంగతి కూడా మరువకూడదు. మా ఇంటివారి కార్డు ఖమ్మంలోనే ఉండిపోవడం వల్ల అరగంట వాదులాట జరిగింది. భోజనానికి చింత లేదు. వీధి మలుపులోనే హలాల్ మాంసం వండే హోటళ్ళున్నాయి.

మేము ఎంతో సంతోషించాము. నిజం చెప్పాలంటే మా సంతోషానికే ఆ బస తగినది. అజాన్ వినబడగానే మెట్లు దిగి వెళ్ళడం, జమాఅత్‌లో నిలవడం, నమాజు తరువాత స్థానికులతో నాలుగు మాటలు. ఒక పెద్దాయన మమ్మల్ని, మా మనుమడిని హజ్రత్ ఇస్హాఖ్ మదనీ దర్గా ఉన్న కొండపైకి తీసుకువెళ్ళారు. ఓడరేవు కాలువ అంచున మూడు కొండలు వరుసగా ఉంటాయి. ఒకదానిపై దర్గా, ఒకదానిపై వేంకటేశ్వరాలయం, రాస్ హిల్ అనే మూడవదానిపై చర్చి. 1864లో అక్కడ ఇల్లు కట్టుకున్న రాస్ దొర పేరే ఆ కొండకు మిగిలింది. కాలువకు ఆవల డాల్ఫిన్స్ నోస్ కొండ సముద్రంలోకి ముక్కు చాచుకుని ఉంటుంది. మేము నిలబడి ఉండగానే ఒక పెద్ద ఓడ ఆ సందులోంచి మెల్లగా లోపలికి వచ్చింది. మనుమడు దాని పేరు చదవడానికి ప్రయత్నిస్తూ గోడ ఎక్కబోయాడు.

ఇక ఆపా. లాడ్జిలో మాకు దొరికిన గదులు మూడవ అంతస్తులో ఉన్నాయి. "లిఫ్టు ఉన్నదా?" అని ఫోనులో అడిగినప్పుడు ఉన్నదన్నారు. ఉన్నమాట నిజమే, పనిచేయడం లేదు. ఆపా ఏమీ అనకుండా గోడ పట్టుకుని, ప్రతి అంతస్తు దగ్గర ఆగి, పైకి చేరారు. గది కిటికీ తెరిస్తే చేయి చాపిన దూరంలో పక్క భవనపు గోడ.

ఆ సాయంత్రం ఆటోలో అందరం రామకృష్ణా బీచ్‌కు వెళ్ళాము. పండుగ జనం. ఇసుకలో పది అడుగులు వేసేసరికి ఆపా కాళ్ళు కూరుకుపోయాయి. వెనక్కి తెచ్చి రోడ్డు పక్క గట్టు మీద కూర్చోబెట్టాము. అక్కడి నుండి జనం తలల మీదుగా నీటి చాలు ఒకటి కనిపించింది, అంతే. ఆ తీరం చూడటానికే గాని స్నానానికి తగినది కాదు. లోపలికి లాగే ప్రవాహాలు అక్కడ ఎందరినో బలిగొన్నాయి. ఓడరేవు కట్టల వల్ల దక్షిణం నుండి కొట్టుకువచ్చే ఇసుక ఆగిపోయి తీరం కోతకు గురవుతున్నందున, పూడిక తీసిన ఇసుకను తెచ్చి అక్కడ పోస్తుంటారు. పిల్లలను కురుసురా జలాంతర్గామిలోకి తీసుకువెళ్ళాము. 1969 నుండి 2001 దాకా నౌకాదళంలో పనిచేసిన ఆ జలాంతర్గామి 2002 నుండి ఒడ్డున ప్రదర్శనశాలగా ఉన్నది. దాని ఇరుకు ద్వారాలలోంచి దూరడం మా వయసు వారికే కష్టమైంది. ఆపా మా ఇంటివారితో గట్టు మీదే ఉన్నారు. తిరిగి మూడంతస్తులు ఎక్కారు.

మరునాడు ఆపా గది నుండి కదలలేదు. "మీరు వెళ్ళిరండి, నాకిక్కడ అజాన్ చక్కగా వినిపిస్తోంది" అన్నారు. మా మనసు కూడా ఆ మాటతో తృప్తిపడింది. జలుబుగా ఉన్న మనుమరాలిని ఆమె వద్ద ఉంచి, తక్కినవారం రుషికొండ వెళ్ళాము. కుమారుడి పట్ల న్యాయంగా వ్రాయాలి గనుక వ్రాస్తున్నాము, పిల్లలతో నీళ్ళలోకి దిగాలంటే రుషికొండకే వెళ్ళాలి. 2020లో దానికి బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది. స్నానానికి హద్దులు గుర్తించి ఉంచారు, ప్రాణరక్షకులు ఈలలతో కాపలా ఉంటారు, దుస్తులు మార్చుకునే గదులున్నాయి. మా కోడలు బురఖాతోనే మోకాలి లోతు నీళ్ళలో కొడుకు చేయి పట్టుకుని నిలబడింది, ఎవరూ అభ్యంతరపెట్టలేదు. అయితే ఇదంతా ఉదయం వెళ్ళి మధ్యాహ్నానికి తిరిగి రాదగిన పని. దాని కోసం అక్కడే గది తీసుకోనవసరం లేదు.

తిరిగి వచ్చేసరికి మనుమరాలు తలుపు తీసి, "దాదా! సముద్రం ఎటువైపు ఉంది?" అని అడిగింది. ఎందుకమ్మా అన్నాము. "పెద్ద దాదీ అడిగారు. నాకు తెలియలేదు. ఇద్దరం కిటికీలోంచి చూశాము, గోడే ఉంది."

మేము ఖిబ్లా దిశ చూపగలము. లాడ్జిలో దిగిన అయిదు నిమిషాలకే గోడ మీద సుద్దతో గుర్తు పెట్టింది మేమే. ఆపా ఖమ్మంలో అనుదినం అయిదు పూటలా అజాన్ వింటూనే ఉన్నారు. దానికోసం 450 కిలోమీటర్లు రానక్కరలేదు. పైగా ప్రయాణికునికి ధర్మమే ఎంతో వెసులుబాటు ఇచ్చింది. పదిహేను రోజుల లోపు బస చేసే సంకల్పంతో వచ్చినవారు నాలుగు రకాతుల నమాజును రెండుగా చేసుకోవచ్చునని మా విద్యార్థులకు ఏటా బోధిస్తాము. స్థానిక ఇమాము వెనుక నిలబడితే మాత్రం పూర్తిగా నాలుగు చేయాలి. మసీదు పక్కన దిగాలన్న పట్టుదల నియమం కోసం కాదు, మా అలవాటు కోసం. రుషికొండను కాదనడానికి ఆపా మోకాళ్ళను సాక్ష్యంగా తెచ్చిన మేమే, ఆ మోకాళ్ళను మూడంతస్తులు ఎక్కించాము.

ఇషా తరువాత కుమారుణ్ణి బయటకు పిలిచి, "నీకు తోచినచోట వెతుకు, మెట్లు ఉండకూడదు, సముద్రం కనిపించాలి, తక్కినదేదీ నేను అడగను" అన్నాము. అతను మా ముఖం వంక ఒక క్షణం చూశాడు గాని ఏమీ అనలేదు. అందుకు అతనికి అల్లాహ్ మేలు చేయుగాక. పండుగ రోజులు, ఫోను చేసిన ప్రతిచోటా ఖాళీ లేదన్నారు. 'సీ వ్యూ' అన్న మాటకు ఎన్ని అర్థాలున్నాయో ఆ రాత్రి తెలిసింది. ఒకచోట మేడ మీది డాబా ఎక్కితే కనిపిస్తుందట, ఇంకొకచోట బాల్కనీ చివర నిలబడి మెడ తిప్పితే కనిపిస్తుందట. మంచం మీద కూర్చుంటే ఏమి కనిపిస్తుందని అడగడం అప్పుడే నేర్చుకున్నాము. చివరకు ఒక ఆటో అబ్బాయి భీమిలి రోడ్డులో ఒక ఇల్లు ఉన్నదని చెప్పాడు. యజమానురాలు పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయురాలు. ముందు భాగంలో రెండు గదులు, వంటగది అద్దెకు ఇస్తారు. రోజుకు 4,000. "మెట్లు ఎక్కనక్కర్నేదండి, నేల మీద గదులే" అన్నారామె ఫోనులో. లాడ్జికి కట్టిన మరునాటి అద్దె వదులుకుని ఉదయమే బయలుదేరాము.

భీమిలి విశాఖకు ఉత్తరాన సుమారు ముప్పై కిలోమీటర్లు. రైల్వే స్టేషను నుండి బీచ్ రోడ్డు మీదుగా 900కె సిటీ బస్సు తిరుగుతుంది. సామాను తక్కువగా ఉన్నవారికి అది చాలు. దారి పొడవునా కుడిచేతి వైపు సముద్రమే. ఎడమవైపు తొట్లకొండ, ఆపైన ఎర్రమట్టి దిబ్బలు. పదిహేడవ శతాబ్దంలో డచ్చివారు భీమిలిలో వర్తకం సాగించారు. వారి సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. 1861లోనే అది మునిసిపాలిటీ అయింది. గోస్తనీ నది అక్కడే కడలిలో కలుస్తుంది. అయినా ఊరు పెద్ద సందడి లేకుండా ఒదిగి ఉంటుంది.

ఇంటికి, తీరానికి మధ్య రోడ్డు మాత్రమే అడ్డం. ప్రహరీ కొత్తగా కనిపిస్తే అడిగాము. "పాతది హుద్‌హుద్‌లో ఎల్లిపోయిందండి" అన్నారు టీచరమ్మ. 2014 అక్టోబరు 12న విశాఖను కుదిపివేసిన తుపాను అది. ఆ పేరు పెట్టింది ఒమన్ దేశమని, అది సులైమాన్ ప్రవక్త (అలైహిస్సలాం) వద్దకు వార్త తెచ్చిన పక్షి పేరని చెబితే ఆమె ఆశ్చర్యపోయారు. "అంత చిన్న పిట్ట పేరా!" అన్నారు.

ఆమె దేవుని పటం ఉన్న గదిని తాళం వేసి ఉంచుకున్నారు. మా గదుల్లో ఏ పటాలూ లేవు. వంటగది ఉండటం వల్ల హోటలు వెతుకులాట తప్పింది. ఉదయం పడవలు రాగానే గంపలతో వచ్చే స్త్రీల వద్ద కోనాం ముక్కలు కొన్నాము. చేపకు జబహ్ సమస్య లేదు గదా. రొయ్యల దగ్గర మాత్రం మా మనుమడు హనఫీ పండితుల భిన్నాభిప్రాయాలన్నీ మా చేత చెప్పించి, చివరకు అనుకూలమైన అభిప్రాయాన్నే ఎంచుకున్నాడు. వంటతో కలిపి లెక్కవేస్తే లాడ్జి కన్నా ఖర్చు ఎక్కువేమీ కాలేదు.

ఆపా ఆ రెండు రోజులూ వరండాలో కుర్చీ వదలలేదు. నీళ్ళ దాకా తీసుకువెళ్తామంటే వద్దన్నారు. మనుమడు తన ఇసుక బకెట్టులో సముద్రపు నీళ్ళు తెచ్చి పాదాల దగ్గర పెట్టాడు. వేలు ముంచి నాలుకకు తాకించుకుని, "నిజంగానే ఉప్పు" అన్నారు, ఇన్నాళ్ళూ జనం చెప్పింది పూర్తిగా నమ్మనట్లు.

తూర్పు తీరంలో ఒక విశేషం ఉన్నది. సముద్రం తూర్పున, ఖిబ్లా పడమర వైపున. సముద్రానికి ఎదురుగా ఉన్న ఏ ఇంట్లో నమాజుకు నిలిచినా కడలి మన వీపు వెనుకే ఉంటుంది. ఆఖరి రోజు ఫజ్ర్‌కు వరండాలోనే జమాఅత్ చేశాము. గోడ వైపు మేము, మా వెనుక కుమారుడు, మనుమడు, వారి వెనుక స్త్రీల వరుస. కుర్చీలో కూర్చుని చేసే ఆపా అందరికన్నా వెనుక, ప్రహరీ పక్కన. ఇంకా చీకటి వీడలేదు. మేము పఠిస్తూ ఆగిన ప్రతిచోటా అలల శబ్దం వినిపించింది. సలాము చెప్పి వెనుదిరిగేసరికి మా కోడలు అప్పటికే లేచి ఆపా కుర్చీని తూర్పుకు త్రిప్పుతోంది.

సాయంత్రం రైలుకు బయలుదేరుతుండగా ఆపా టీచరమ్మను పక్కకు పిలిచి, తన చిన్న ఫోనులో ఆమె నంబరు ఎక్కించుకున్నారు. మమ్మల్ని అడగలేదు.